గ్వాంగ్జౌ పాత బస్తీలు, వీధి మార్కెట్లు: ఫెయిర్ అయ్యాక ఐదు రోజులుంటే ఎలా తిరగాలి?

నమస్తే అండి. మీరు అడిగింది క్లుప్తంగా ఇది: గిఫ్ట్ ఆర్టికల్స్, వంటింటి సామాను వ్యాపారం పని మీద రాజమండ్రి నుంచి కాంటన్ ఫెయిర్ (కాంటన్ అంటే గ్వాంగ్జౌ పాత పేరు, ఇక్కడ జరిగే పెద్ద వాణిజ్య ప్రదర్శన ఇది) రెండో విడతకు వస్తున్నారు. అక్టోబరు 27న ఫెయిర్ అయిపోతుంది, ఆ తర్వాత ఐదు రోజులు ఖాళీ. మీ శ్రీమతి కూడా వస్తున్నారు, ఆవిడ పూర్తి శాకాహారి. మాల్స్, టవర్లు వద్దు, జనం తిరిగే సంతలు, పాత వీధులు చూడాలి. గ్వాంగ్జౌ, షెన్‌జెన్, గ్విలిన్, షియామెన్ నాలుగూ చుట్టొచ్చా? భాష రాదు, మోసపోతామా అని టెన్షన్.

సరుకు కొనుగోళ్ళ పని మీద చాలా ఏళ్ళుగా గ్వాంగ్జౌలో ఉంటూ వస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. నాలుగు ఊళ్ళు వద్దు. నాలుగూ పెట్టుకుంటే మీరు చూసేది రైల్వే స్టేషన్లే. షెన్‌జెన్ 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి అయ్యాక పెరిగిన నగరం, మీరు అడిగే పాతదనం అక్కడ కొంచెమే. మీది ఎలక్ట్రానిక్స్ వ్యాపారమైతే హువాచ్యాంగ్‌బెయ్ మార్కెట్ కోసం వెళ్ళమనేవాణ్ణి. గ్విలిన్‌కి వెళ్ళేది కొండలు, నది కోసం. అది వేరే ట్రిప్పు. గ్వాంగ్జౌలో మూడు రోజులు, చువాన్‌జౌ అనే పాత రేవు పట్టణంలో రెండు రోజులు పెట్టుకోండి. షియామెన్ బదులు చువాన్‌జౌ ఎందుకో కింద చెబుతాను.

వీధుల దగ్గరికి వెళ్ళేముందు ఒక సంగతి. దక్షిణ చైనా నగరాల్లో ‘ఓల్డ్ స్ట్రీట్’ అని బోర్డు పెట్టి, ఎర్ర లాంతర్లు వేలాడదీసి, నేలంతా కొత్త రాళ్ళు పరిచిన వీధి కనిపిస్తే, అది చాలావరకు ఈమధ్య సర్ది పెట్టిందే. అక్కడ అమ్మే పుల్లకు గుచ్చిన స్క్విడ్, పేరు చెక్కిన కీచైన్లు ఏ ఊళ్ళో చూసినా అవే. అసలు పాత వ్యాపారం రేకుల కప్పు కింద, ట్యూబులైట్ల వెలుగులో, గోడలు నల్లబడిన మూడంతస్తుల మేడల కింద జరుగుతూ ఉంటుంది. ఫొటోలో అందంగా రాదు కాబట్టి రీల్స్‌లో కనపడదు. అందుకని చూడాల్సిన ‘ప్లేసుల’ జాబితా పక్కన పెట్టి, ఏ వీధి ఏ వేళకు కళకళలాడుతుందో తెలుసుకుని ఆ వేళకు అక్కడ ఉండండి. ఈ ఊళ్ళో మార్కెట్లు గడియారం చూసుకుని నడుస్తాయి. మూడు గంటలు ఆలస్యంగా వెళ్తే అదే వీధిలో షట్టర్లు, చీపుళ్ళు తప్ప ఏమీ ఉండవు.

ఫెయిర్ కోసం పాజౌ వైపు హోటల్ తీసుకుని ఉంటారు. 27 సాయంత్రమే ఖాళీ చేసి లీవాన్ జిల్లాకి మారిపోండి. చాంగ్‌షౌ రోడ్డు లేదా హువాంగ్‌షా మెట్రో స్టేషన్‌కి నడిచేంత దూరంలో ఉంటే చాలు, రెండూ ఒకటో లైను మీదే. ఈ ప్రాంతాన్ని పాతవాళ్ళు షీగ్వాన్ అంటారు. ఒకప్పటి కోట పడమటి గుమ్మానికి బయట, వర్తకులు ఇళ్ళు కట్టుకున్న పేట. బుక్ చేసేముందు హోటల్ వాళ్ళని ‘విదేశీ పాస్‌పోర్టు తీసుకుంటారా’ అని మెసేజ్ పెట్టి అడగండి. విదేశీయులు బస చేస్తే పోలీసు రిజిస్ట్రేషన్ చేయాలి, ఆ పద్ధతి తెలియని చిన్న లాడ్జీలు రాత్రి పదింటికి వెనక్కి పంపిన సందర్భాలు విన్నాను.

మొదటి రోజు పొద్దున్నే షిసాన్‌హాంగ్ వెళ్ళండి. కల్చరల్ పార్క్ మెట్రో దగ్గర. 1757 నుంచి 1842 వరకు యూరప్ వర్తకులు చైనాతో సముద్ర వ్యాపారం చేయాలంటే గ్వాంగ్జౌ ఒక్కటే దిక్కు, వాళ్ళ గిడ్డంగులు ఉన్నది ఈ నది ఒడ్డునే. టీ, పట్టు, పింగాణీ ఇక్కడే ఓడకెక్కేవి. బొంబాయి పార్సీలు కూడా ఇక్కడ పత్తి, నల్లమందు అమ్మి సొమ్ము చేసుకున్నారు. వాళ్ళ శ్మశానం ఇప్పటికీ ఊరికి తూర్పున చాంగ్‌జౌ దీవిలో ఉంది. ఆ గిడ్డంగులు 1856లో తగలబడిపోయాయి. ఇప్పుడు అదే పేరుతో నడిచేది ఆడవాళ్ళ రెడీమేడ్ బట్టల హోల్‌సేల్. తెల్లారకముందే లైట్లు వేస్తారు, మధ్యాహ్నం అయ్యేసరికి సర్దేస్తారు. మూటలు మోసేవాళ్ళు తోపుడు బళ్ళతో ‘తప్పుకో, తప్పుకో’ అని అరుస్తూ దూసుకుపోతారు. నిలబడి ఫొటో తీయడానికి జాగా చూసుకోండి, దారి మధ్యలో ఆగితే తిట్లు తప్పవు. ఒక్క డ్రెస్ కావాలంటే చాలామంది తలెత్తి కూడా చూడరు. మీరూ హోల్‌సేల్ లెక్క తెలిసినవారే కదా, వాళ్ళ ఇబ్బంది మీకు చెప్పక్కర్లేదు.

అక్కడి నుంచి తూర్పుకి నడిస్తే యీదె రోడ్డు. ఎండు చేపలు, ఎండు రొయ్యలు, పుట్టగొడుగులు, ఖర్జూరాలు, జీడిపప్పు బస్తాల్లో. కొంచెం ముందుకెళ్తే బొమ్మలు, స్టేషనరీ, పండగ అలంకరణ సామాను. ఒక్కో వీధికి ఒక్కో సరుకు అన్నది ఈ ఊరి పాత పద్ధతి. మీ వ్యాపారానికి పనికొచ్చేవి ఇక్కడ ఫెయిర్ కన్నా చిన్న లాట్లలో దొరుకుతాయి, విజిటింగ్ కార్డులు జేబులో పెట్టుకోండి. ఎండు చేపల వాసన మీ శ్రీమతికి పడకపోతే పక్కనే ఉన్న సేక్రెడ్ హార్ట్ చర్చి ఆవరణలో కూర్చోవచ్చు. 1863లో మొదలుపెట్టి 1888లో పూర్తిచేశారు, గోడలు, స్తంభాలు అంతా గ్రానైటే.

ఈ వీధుల్లో నడుస్తూ తల పైకెత్తి చూడండి. కింద అంగడి, పైన ఇల్లు. పై అంతస్తు ముందుకొచ్చి ఫుట్‌పాత్ మీద కప్పులా నిలుస్తుంది, దాన్ని స్తంభాలు మోస్తాయి. వీటిని చీలౌ అంటారు. 1918 తర్వాత పాత కోటగోడలు పడగొట్టి రోడ్లు వేసినప్పుడు ఇవి వరసగా లేచాయి. ఆగ్నేయాసియాలో, అమెరికాలో సంపాదించిన ప్రవాసుల డబ్బు వీటిలో చాలా ఉంది. అందుకే కిటికీల మీద రోమన్ తోరణాలు, వాటి కిందే చైనా అక్షరాల బోర్డులు కనిపిస్తాయి. ఎండలోనైనా వానలోనైనా గొడుగు లేకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా బేరం చేసుకుంటూ పోవచ్చు. వేసవిలో ఇక్కడ కుండపోత వానలు, తుఫాన్లు. ఈ కట్టడం తీరు వాటి కోసమే. మీరు వచ్చే అక్టోబరు చివర మాత్రం వాతావరణం హాయిగా ఉంటుంది, నడవడానికి ఇంతకన్నా మంచి నెలలు ఉండవు.

మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటలు పడుకోండి. రెండో రోజు పొద్దున కాయగూరల మార్కెట్. ఏడింటి నుంచి తొమ్మిదిన్నర లోపు వెళ్ళాలి. లీవాన్‌లో ఏ పేటకి ఆ పేటకి ఒక మార్కెట్ ఉంటుంది, హోటల్ వాళ్ళని ‘త్సాయ్ షిచాంగ్’ ఎక్కడ అని అడిగితే చెయ్యి చూపిస్తారు. చేమదుంపలు, తామర తూళ్ళు, తూటికూర, కాకర, అంచులున్న మన బీరకాయ, బూడిద గుమ్మడి ముక్కలు, పంపరపనసలు అన్నీ కుప్పలుగా ఉంటాయి. రెండు రకాల ఆకుకూర కొంటే గుప్పెడు ఉల్లికాడలు కొసరుగా సంచిలో వేస్తారు, అడగక్కర్లేదు. అదే కప్పు కింద ఇంకో వైపు తొట్లలో బతికున్న చేపలు, కప్పలు, పంజరాల్లో బాతులు ఉంటాయి, అక్కడే కోస్తారు. మీ శ్రీమతికి ముందే చెప్పి, కూరగాయల వైపు గుమ్మంలోంచి తీసుకెళ్ళండి.

లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడ ధర కిలోకి రాయరు, ‘జిన్’కి రాస్తారు. జిన్ అంటే 500 గ్రాములు. అందులో పదో వంతు ‘లియాంగ్’, అంటే 50 గ్రాములు. ఖరీదైన టీ, మూలికలు లియాంగ్ లెక్కన చెబుతారు. పర్యాటకులు ‘మోసపోయాం’ అనే గొడవల్లో సగం ఈ లెక్క దగ్గర వచ్చినవే, దుకాణదారుడు అబద్ధం చెప్పి ఉండడు. బేరం ముందు వేలితో తూకం చూపించి, ధర కాలిక్యులేటర్‌లో కొట్టించుకోండి. ముసలివాళ్ళు చేతి సైగలతో అంకెలు చూపిస్తారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. బొటనవేలు, చూపుడువేలు చాపితే ఎనిమిది. రెండు వేళ్ళ సైగ కదా అని రెండు యువాన్లు అనుకోకండి. కూరగాయలు, పండ్ల దగ్గర బేరం పెద్దగా చెల్లదు. హోల్‌సేల్‌లో ధర మాట మీద కాదు, మీరు తీసుకునే సంఖ్య మీద తగ్గుతుంది. పర్యాటకుల వీధుల్లో మాత్రం చెప్పిన దాంట్లో మూడోవంతు నుంచి మొదలుపెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు.

కూరగాయల మార్కెట్ అయ్యాక చింగ్‌పింగ్. షామియన్ దీవికి ఎదురుగా. 1979లో, ఆర్థిక సంస్కరణలు అప్పుడే మొదలైన రోజుల్లో, రైతులు తమ సరుకు తామే అమ్ముకోవడానికి వదిలిన తొలి మార్కెట్లలో ఇదొకటి. ఒకప్పుడు అడవి జంతువులు, పిల్లులు కూడా అమ్మేవారని దీనికి చెడ్డపేరు ఉండేది. 2003 సార్స్ తర్వాత ఆ వ్యాపారం తగ్గింది, 2020 నుంచి చైనాలో అడవి జంతువుల మాంసం వ్యాపారమే నిషేధం. ఇప్పుడు ఇది ప్రధానంగా మూలికల మార్కెట్. జిన్సెంగ్ వేళ్ళు, గోజీ పండ్లు, తామర గింజలు, ఎండిన చామంతులు, ఇంకా షిన్‌హుయ్ కమలా తొక్క. ఆ తొక్కను ఏళ్ళ తరబడి ఎండబెట్టి దాచి అమ్ముతారు, ఎంత పాతదైతే అంత రేటు. ఇరవై ఏళ్ళదని సీసాలో పెట్టి చూపించేది నిజంగా ఇరవై ఏళ్ళదో కాదో మీరూ నేనూ చెప్పలేం, అందుకే మూడు నాలుగేళ్ళదని చెప్పే చవకది కొనండి. వేడినీళ్ళలో ఒక ముక్క వేసుకుంటే గొంతుకు హాయిగా ఉంటుంది. ఎండిన సముద్రపు గుర్రాలు, పగడాలు, చిత్రమైన కొమ్ములు చూడటానికి చూడండి, కొనకండి. మన వన్యప్రాణి చట్టం కింద సముద్రపు గుర్రానికి రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టులో పట్టుబడితే ‘మందు’ అని చెప్పినా వినరు. దంతం సంగతి సరే సరి, చైనాలోనే 2017 చివర నుంచి అమ్మకం నిషేధం.

కాలువ దాటితే షామియన్. రెండో నల్లమందు యుద్ధం తర్వాత బ్రిటిష్, ఫ్రెంచి వాళ్ళు పంచుకున్న చిన్న దీవి. మర్రిచెట్లు, దొరల బంగళాలు, పెళ్ళి ఫొటోలు తీయించుకునే జంటలు. బాగుంటుంది, అరగంట చాలు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక హువాలిన్ గుడికి వెళ్ళండి, చాంగ్‌షౌ రోడ్డు స్టేషన్ నుంచి ఐదారు నిమిషాల నడక. దక్షిణ భారతం నుంచి సముద్రం మీద వచ్చిన బోధిధర్ముడు ఆరో శతాబ్దంలో కాలు పెట్టిన చోటు ఇదేనని ఇక్కడి సంప్రదాయం. అప్పట్లో నది ఒడ్డు ఇక్కడిదాకా ఉండేదట. గుడి చుట్టూ ఉన్న సందులన్నీ జేడ్ రాళ్ళ మార్కెట్. గాజులు, లాకెట్లు, ఇంకా కోయని రాళ్ళు. నీళ్ళ గిన్నెలో ముంచి, చిన్న టార్చి వేసి లోపలి పగుళ్ళు చూస్తూ గంటలు గంటలు బేరాలాడతారు. ఆ బేరాలు చూడటమే ఒక కాలక్షేపం. మీకు రాయి పరీక్షించడం రాకపోతే పర్సు మాత్రం బయటకు తీయకండి. ఆమ్లంలో కడిగి రెజిన్ ఎక్కించిన రాయి, సహజమైన రాయి మామూలు కంటికి ఒకేలా ఉంటాయి.

ఇక ఎన్నింగ్ రోడ్డు, యోంగ్‌చింగ్‌ఫాంగ్. ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా మొదట వచ్చేది ఇదే. ఈ పేటను మొత్తం పడగొట్టాలని 2000ల రెండో సగంలో ప్లాన్ వేశారు. ఇళ్ళు ఖాళీ చేయించడం మొదలయ్యాక ఇక్కడివాళ్ళు, విద్యార్థులు, పత్రికలు ఏళ్ళ తరబడి గొడవ చేస్తే ప్లాన్ మారింది. ఉన్న ఇళ్ళనే బాగుచేసి 2016లో మొదటి భాగం తెరిచారు. బ్రూస్ లీ తండ్రి ఇల్లు ఇందులోనే ఉంది. ఆయన కాంటనీస్ నాటకాల్లో పేరున్న నటుడు. పక్కనే ఆ నాటకాల మ్యూజియం కూడా ఉంది, అది మాత్రం చూడదగ్గది. పడగొట్టలేదు కాబట్టి సంతోషమే. కానీ లోపల ఇప్పుడు కాఫీ షాపులు, మిల్క్ టీ, డిజైనర్ సబ్బులు. పాతవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. నా లెక్కలో దీన్ని దాటి, అంటుకుని ఉన్న వెనక సందుల్లోకి వెళ్తేనే మీరు వెతికేది దొరుకుతుంది. రాగి గిన్నెలు సుత్తితో కొట్టి చేసే కొట్లు కొన్ని ఈ రోడ్డు మీద ఇంకా మిగిలాయి, వంటింటి సామాను వ్యాపారి కాబట్టి మీకు నచ్చుతాయి.

ఆ సందుల్లో ఇళ్ళ గుమ్మాలు గమనించండి. మూడు పొరలు. బయట సగం ఎత్తు చెక్క తలుపు, దాని వెనక అడ్డంగా పేర్చిన దుంగల చట్రం, లోపల బరువైన అసలు తలుపు. దుంగల చట్రం పక్కకి జరుగుతుంది, దుంగలు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. పగలంతా లోపలి తలుపు తీసి చట్రం మాత్రం మూస్తారు, గాలి వస్తుంది, దొంగ రాడు. ఆ దుంగల వెనక ఒక కుటుంబం భోంచేస్తూనో, టీవీ చూస్తూనో ఉంటుంది. సందుల్లోంచి ఫోన్ లోపలికి పెట్టి వీడియో తీసే పర్యాటకుల్ని చూస్తే నాకే సిగ్గేస్తుంది. గుమ్మం ముందు కూర్చున్న పెద్దావిడకి చిన్నగా తల వంచి, ఫోన్ చూపించి అడగండి. సగం మంది సరేనంటారు.

సాయంత్రం లీవాన్ సరస్సు పార్కుకి వెళ్ళండి. పెద్దవాళ్ళు వాయిద్యాలు తెచ్చుకుని చెట్ల కింద కాంటనీస్ నాటక పద్యాలు పాడుతుంటారు, డబ్బు కోసం కాదు, సరదాకి. కుర్చీ జరిపి కూర్చోమంటారు కూడా.

మూడో రోజు ఫాంగ్‌త్సున్ టీ మార్కెట్‌కి పెట్టుకోండి. నదికి ఆవలి వైపు. వీధులకు వీధులు టీ కొట్లే. ఏ కొట్లో కూర్చున్నా చిన్న కప్పుల్లో నాలుగైదు రకాలు కాచి పోస్తారు, కొనాలన్న బలవంతం ఉండదు. అయినా గంటసేపు తాగి ఖాళీ చేతులతో లేవడం బాగోదు, వంద గ్రాములైనా తీసుకోండి. పుఅర్ టీ బిళ్ళలుగా వస్తుంది, మామూలు బిళ్ళ 357 గ్రాములు, ఏడు బిళ్ళలు కలిపి ఒక కట్ట. పాతకాలం పుఅర్ పేరుతో షేర్ మార్కెట్ తీరు రేట్లు నడుస్తాయి, అటు వెళ్ళకండి. తాగి నచ్చింది, జేబుకి తగ్గది కొనుక్కోండి.

మీకు నిద్ర పట్టకపోతే ఇంకోటి ఉంది. తెల్లవారుజామున టార్చిలైట్ల వెలుగులో పేవ్‌మెంట్ మీద పాత సామాను పరిచి అమ్మే సంతలు ఈ ఊరికి పాత అలవాటు. వాడిన వాచీలు, నాణేలు, విరిగిన రేడియోలు, పాత ఫొటో ఆల్బములు. వెలుగొచ్చేసరికి మాయం. అధికారులు తరిమినప్పుడల్లా జాగా మారుతుంది కాబట్టి అడ్రసు రాయడం లేదు. హోటల్ కుర్రాళ్ళని ‘తిన్‌గ్వాంగ్‌హోయ్’ అని అడగండి.

తిండి దగ్గరికొస్తే, మీ శ్రీమతికి ఇది కష్టమైన ఊరే, దాచడం ఎందుకు. ఆకుకూర వేపుడులో ఆయిస్టర్ సాస్, ముల్లంగి కేకులో సాసేజ్ ముక్కలు, పైకి శాకాహారంలా కనిపించే వంటల్లో పంది కొవ్వు. ‘మాంసం వద్దు’ అంటే ముక్కలు తీసేసి వడ్డిస్తారు. అందుకని ‘నేను మాంసం, చేప, రొయ్య, గుడ్డు, పంది కొవ్వు, ఆయిస్టర్ సాస్ తినను’ అని చైనా అక్షరాల్లో రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి. ఫెయిర్‌లో మీ సప్లయర్‌ని అడిగితే నిమిషంలో టైప్ చేసిస్తారు. బౌద్ధ గుళ్ళ దగ్గరి శాకాహార హోటళ్ళు నమ్మకమైనవి. ఊరి మధ్యలో దాఫో గుడి దగ్గర ఒకటి ఉంది. చాంద్రమాసం మొదటి రోజు, పదిహేనో రోజు ఇక్కడివాళ్ళే చాలామంది శాకాహారం తింటారు, ఆ రోజుల్లో రద్దీగా ఉంటుంది. వీధిలో పొద్దున బియ్యప్పిండి పల్చగా ఆవిరి మీద ఉడికించి చుట్టే చోంగ్‌ఫన్‌లో ఏమీ పెట్టకుండా చేసే రకం ఉంది, ‘జాయ్‌చోంగ్’ అనాలి, మీద సోయా సాస్ మాత్రమే పోయమనండి. ఇక అల్లం పాలు మాత్రం మానొద్దు. వేడి గేదె పాలు అల్లం రసం మీద ఒక్కసారిగా పోస్తే రెండు నిమిషాల్లో గడ్డకడుతుంది, చూడటానికి అచ్చం మన జున్నే. గుడ్డు పడదు. దాని పక్కనే దొరికే ‘రెండు మీగడల పాలు’లో గుడ్డు తెల్లసొన ఉంటుంది, అది మీకు. మన భోజనం మీద మనసు పోతే షియావ్‌బెయ్, తావ్‌జిన్ వైపు ఇండియన్ హోటళ్ళున్నాయి. ఆఫ్రికా, అరబ్ వర్తకులు ఎక్కువగా తిరిగే పేట అది, సాయంత్రం పూట చూడటానికీ బాగుంటుంది. అక్కడ రోడ్డు మీద డబ్బు మారుస్తామనేవాళ్ళ జోలికి పోకండి.

మీరైనా ఒక పొద్దున టీ హోటల్‌లో కూర్చోండి. ఏడింటికే పెద్దవాళ్ళు పేపరు పట్టుకుని వచ్చేస్తారు. మనిషికి ఇంత అని టీ చార్జీ ఉంటుంది, టిఫిన్లు వేరే. మొదటి టీతో కప్పులు, గిన్నెలు కడిగి పారబోయడం ఆచారం, చూసి చేయండి. ఎవరైనా మీ కప్పులో టీ పోస్తే రెండు వేళ్ళతో బల్ల మీద తట్టడం కృతజ్ఞత. కెటిల్ మూత వారగా తీసి పెడితే నీళ్ళు అయిపోయాయని అర్థం.

డబ్బు, ఫోన్ సంగతి త్వరగా. బయలుదేరేముందే అలీపే (ఫోన్‌తో డబ్బు చెల్లించే యాప్) వేసుకుని మీ వీసా లేదా మాస్టర్‌కార్డ్ కలపండి, బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేయండి, పాస్‌పోర్టు వెరిఫికేషన్ ఇంటి దగ్గరే పూర్తిచేసుకోండి. 200 యువాన్లు దాటిన చెల్లింపుకి మూడు శాతం ఫీజు పడుతుంది, దానిలోపు లేదు. కొత్తిమీర అమ్మే అవ్వ దగ్గరా క్యూఆర్ కోడ్ ఉంటుంది, అయినా చిల్లర నోట్లు ఉంచుకోండి. గూగుల్, వాట్సాప్ అక్కడి వైఫైలో పనిచేయవు. మన సిమ్ మీద రోమింగ్ ప్యాక్ వేసుకుంటే నడుస్తాయి. మ్యాప్‌కి మాత్రం గావ్‌దె యాప్ వాడండి, గూగుల్ మ్యాప్ చూపించే చోటుకీ అసలు చోటుకీ తేడా వస్తుంది. నేను నిజంగా భయపడేది జేబుదొంగల గురించి కాదు, చప్పుడు లేకుండా ఫుట్‌పాత్ మీదికి ఎక్కే ఎలక్ట్రిక్ స్కూటర్ల గురించి. పక్కకి జరిగేముందు వెనక్కి చూడండి.

ఇప్పుడు చువాన్‌జౌ. షియామెన్ అందమైన ఊరే, కానీ అక్కడి గులాంగ్‌యూ దీవి దగ్గర జనం తాకిడి ఎక్కువ. చువాన్‌జౌ దానికన్నా చాలా పాతది, సాంగ్, యువాన్ రాజుల కాలంలో ప్రపంచంలోని పెద్ద రేవుల్లో ఒకటి. అరబ్బులు జైతూన్ అనేవారు. 2021లో యునెస్కో ఇక్కడి 22 స్థలాలను కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది. మార్కో పోలో పొగిడిన రేవు ఇది. అదే మార్కో పోలో మన మోటుపల్లిని ‘ముత్ఫిలి’ అని రాశాడు. ఆ మోటుపల్లిలోనే కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు 1244లో అభయశాసనం వేయించాడు, తుఫానుకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకు లాక్కోబోమని, సుంకం మాత్రమే తీసుకుంటామని. రెండు రేవులూ ఒకే సముద్ర వ్యాపారంలో ఉన్నవి. తమిళ వర్తకులు ఇక్కడ శివాలయమే కట్టుకున్నారు, దాని తమిళ శాసనం 1281 నాటిది.

ఆ గుడి ఇప్పుడు లేదు. రాళ్ళు మిగిలాయి. కైయువాన్ బౌద్ధాలయం పెద్ద మందిరం వెనక్కి వెళ్ళండి, అక్కడ రెండు రాతి స్తంభాల మీద నరసింహుడు, కృష్ణుడి కథలు చెక్కి ఉంటాయి. మిగతావి సముద్రయాన మ్యూజియంలో ఉన్నాయి. ముందు వైపు నుంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ కాబట్టి వెనక పెద్దగా జనం ఉండరు.

గుడి ముందున్నదే పడమటి వీధి. మధ్యాహ్నం నుంచి అడుగు వేయలేం, పొద్దున ఏడింటికి మాత్రం స్కూలు పిల్లలు, సైకిళ్ళు, టిఫిన్ బళ్ళు. దానికి అటూ ఇటూ ఉన్న సందుల్లో ఎర్ర ఇటుక ఇళ్ళు, పిచ్చుక తోకలా రెండుగా చీలి పైకి లేచిన కప్పు అంచులు. తూమెన్ వీధిలో 1009లో కట్టిన రాతి మసీదు, దాని పక్కనే గ్వాన్ యూ దేవుడి గుడి. ఆ గుడిలో అగరుధూపం పొగ కళ్ళు మండేంత. మీ శ్రీమతికి ఇక్కడ ‘షిహువా గావ్’ ఇప్పించండి, సముద్రపు నాచుతో చేసిన జెల్లీ మీద తేనె పోస్తారు. షున్‌పు అనే జాలరిపేట కూడా ఊళ్ళోనే. ఆడవాళ్ళు సిగ చుట్టూ పూలచక్రాలు పెట్టుకుంటారు, ఇళ్ళ గోడలకు ఆల్చిప్పలు పొదుగుతారు. 2023 నుంచి అది ఫొటోల వ్యాపారమైపోయింది, పూలు పెట్టి బట్టలు అద్దెకిచ్చే కొట్లు వీధికి పది. మీ శ్రీమతికి సరదా ఉంటే వెళ్ళండి, పొద్దున ఆల్చిప్పలు ఒలిచే వేళకి వెళ్తే ఊరు కూడా కనిపిస్తుంది.

రైలు టికెట్లు ప్రయాణానికి 15 రోజుల ముందు తెరుస్తారు. ఫెయిర్ రోజుల్లో త్వరగా అయిపోతాయి కాబట్టి అక్టోబరు మధ్యలోనే 12306 యాప్‌లో పాస్‌పోర్టు నంబరుతో తీసేసుకోండి. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. ఆటోమేటిక్ గేటు అన్నిచోట్లా మన పాస్‌పోర్టు చదవదు, పక్కన మనిషి ఉన్న గేటు చూసుకోండి, స్టేషన్‌కి గంట ముందుండండి. తిరుగు విమానం గ్వాంగ్జౌ నుంచే అయితే చువాన్‌జౌ నుంచి ముందు రోజు సాయంత్రానికే వెనక్కి వచ్చేయాలి. మీ విమానం తేదీ, టైము ఇక్కడ రాస్తే ఏ రైలు కుదురుతుందో చూసి చెబుతాను.